పెట్టె విప్పని కాపురము

చదువవలసిన వేదభాగములు: యిర్మీయా 28, 29 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 24:5, ప్రసంగి 9:7–9.



పొట్ట చేతపట్టుకొని పరరాష్ట్రములకు పోవువారు నేడు మన ప్రతి సంఘములోను కలరు. ఒకడు సూరతులో మరమగ్గము నడుపును. ఒకడు బెంగుళూరులో తాపీపని చేయును. ఒకడు సైన్యములో చేరి మంచుకొండలలో కాపలా కాయును. వారు బయలుదేరు ముందటి రాత్రి మనము వారి యింట కూడుకొని, పాట పాడి, వాక్యము చదివి, ప్రార్థించి పంపుదుము. అట్టి కూటములో ఏమి చెప్పవలెనో పదునెనిమిది యేండ్ల సేవలో నాకు బాగుగా తెలిసినదని యనుకొనుచుంటిని. తెలియలేదని మా సంఘములోని యొక యువజంట మూలముగా తెలిసికొంటిని. వారి సెలవు పుచ్చుకొనియే ఈ పాఠము వ్రాయుచున్నాను. పేర్లు మాత్రము వ్రాయను.

2023 మే నెలలో వారి వివాహము జరిగెను. అబ్బాయి రైల్వే పరీక్ష వ్రాసి, ట్రాక్ మెయింటెయినరుగా, అనగా మన వాడుకలో గ్యాంగుమనుగా, ఎంపికయ్యెను. శ్రీకాకుళము జిల్లాలో పుట్టినవానికి పని మాత్రము ఆగ్నేయ రైల్వేలో, ఖరగ్‌పూరు డివిజనులో, పశ్చిమ బెంగాలు రాష్ట్రములోని పాన్స్‌కురా వద్ద ఇచ్చిరి. అమ్మాయి ఇంటరు వరకు చదివినది. విశాఖపట్టణము రెండుమార్లు చూచినది. అంతకు మించి పైలోకము ఎరుగదు.

వారిని పంపిన రాత్రి నేను హెబ్రీ పత్రిక 11వ అధ్యాయము తీసి, అబ్రాహాము గుడారములలో నివసించిన సంగతి చెప్పితిని. మనము ఈ లోకములో యాత్రికులము, ఇది సత్రము, సత్రపు గోడకు మేకు కొట్టి బట్టలు తగిలించుకొనువాడు తెలివిమాలినవాడు అని యొక ఉపమానము కూడ చేర్చితిని. అందరు ఆమేన్ అనిరి. తల్లి కంట తడి పెట్టెను. ఉపమానము బాగుగా కుదిరినదని నేను లోలోపల సంతోషించితిని కూడ.

మరునాడు వారు ఆముదాలవలసలో బండి ఎక్కిరి. ఒడిషా రాష్ట్రము నిలువునా దాటి, మహానది, బ్రాహ్మణి, వైతరణి, సువర్ణరేఖ నదుల మీదుగా బండి ఖరగ్‌పూరు చేరును. ఆ ఊరు మన ఉత్తరాంధ్రులకు క్రొత్త కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు అచట పెద్ద వర్కుషాపు నడిపిన దినములనుండి మన జిల్లాలవారు పోయి పనిచేసిరి. నేటికిని ఆ రైల్వే కాలనీలలో తెలుగు వినబడును, తెలుగులో ఆరాధనయు జరుగును. 1,072 మీటర్ల పొడవుగల అచటి ప్లాట్‌ఫారము చాలకాలము ప్రపంచములోనే పొడవైనదని పేరు పొందినది. 2013లో గోరఖ్‌పూరు, 2023లో హుబ్బళ్లి దానిని మించినవి. వీరు ఖరగ్‌పూరులోనే ఉండినయెడల ఈ పాఠము వ్రాయవలసిన పని యుండెడిది కాదేమో. కాని పాన్స్‌కురా అచటికి సుమారు 45 కిలోమీటర్లు, హౌరా పోవు దారిలో. అచట వీరికి తెలిసిన తెలుగు గడప ఒక్కటియు లేదు.

నవంబరులో ఒక సాయంకాలము ఆ అమ్మాయి ఫోను చేసెను.

“అయ్యగారూ, ఇక్కడ నాకేటీ బాగులేదు. మాట రాదు. ఏ కూర చూసినా ఆవనూనె వాసనే. ఆయన రాత్రి డ్యూటీకెళ్తే నేను గోడ చూస్తూ కూకుంటాను. ఈసారి ఊరొచ్చేస్తే మరి తిరిగెళ్లను. మీరే మా అత్తోళ్లకి చెప్పాల.”

నేను ఓర్పును గూర్చి నాలుగు మాటలు చెప్పబోవుచుండగా నా భార్య ఫోను అందుకొని, “ఏటి వండుకుంటున్నావమ్మా?” అని యడిగెను. అవతల మాట లేదు. తరువాత మెల్లగా ఒక్కొక్కటే బయటకు వచ్చినవి. ఆరు నెలలైనను ఇంట మంచము లేదు. పెండ్లి బట్టలున్న రేకుపెట్టె నేటికిని తాడు విప్పలేదు. రెండు పూటల పప్పు, ఊరినుండి తెచ్చిన పచ్చడి. ఒక కుండీలో తులసియో బంతియో వేయుదమనినచో, “అయ్యగారు చెప్పలేదా, ఇది సత్రం, సత్రంలో మొక్కలెందుకు?” అని భర్త అనెనట. ఇదిగాక వారి బంధువొకడు, డబ్బిచ్చినచో ఆరు నెలలలో మన వైపు బదిలీ చేయించు మనిషి తనకు తెలియునని చెప్పియుండెను. కనుక జీతములో మిగిలినదంతయు ఆ మనిషి కొరకు కూడబెట్టుచు, నేడో రేపో పోవువారికి మంచమెందుకని నేలపై చాప వేసికొని పరుండుచుండిరి.

ఫోను పెట్టివేసి నా భార్య నా వైపు చూచి, “మీ సత్రం ఆ పిల్లని తినేస్తున్నాది” అనెను.

ఆ రాత్రి నేను యిర్మీయా గ్రంథము తీసితిని. ఇక్కడ మనము కొంతసేపు ఆగి చదువవలెను.

క్రీ.పూ. 597లో నెబుకద్నెజరు యెరూషలేమును లోబరచుకొని రాజైన యెహోయాకీనును (యెకొన్యా అనునది అతనికే మరియొక పేరు), రాజమాతను, అధిపతులను, చేతిపనివారిని బబులోనుకు కొనిపోయెను. యిర్మీయా యెరూషలేములోనే మిగిలెను. తరువాత రాజైన సిద్కియా బబులోనుకు పంపిన యిద్దరు దూతల చేత, షాఫాను కుమారుడైన ఎల్యాశా, హిల్కీయా కుమారుడైన గెమర్యా అనువారి చేత, అతడు చెరలోనున్నవారికి ఒక ఉత్తరము పంపెను. 29వ అధ్యాయము ఆ యుత్తరమే. ఇండ్లు కట్టుకొనుమని, తోటలు వేసికొనుమని, పెండ్లిండ్లు చేసికొని బిడ్డలను కనుమని, తమ్మును చెరపట్టిన ఆ పట్టణము యొక్క క్షేమము కోరి దాని కొరకు ప్రార్థించుమని అందులో నున్నది.

ఈ భాగమును నేను ఎన్నిసార్లో చదివితిని, ప్రసంగించితిని. ఎల్లప్పుడును 11వ వచనమే చెప్పి, ముందున్న అయిదవ వచనమును దాటిపోయితిని. ఇప్పుడు చూడుడి. తోట వేయుమని చెప్పి దేవుడు ఊరకుండలేదు. దాని ఫలము తినుమని కూడ చెప్పెను. నాటుట పని, తినుట సంతోషము. పని చేయుమని ఆజ్ఞాపించు యజమానులు అనేకులు కలరు. తినుమని ఆజ్ఞాపించువాడు తండ్రి. బబులోను దేశపు చెట్టు ఖర్జూరము. పిలక నాటిన తరువాత కాపుకు రావలెననిన నాలుగైదేండ్లు పట్టును. ఆ పండు తినవలెననిన అంతకాలము అచట ఉండవలెను, ఉందునని ఒప్పుకొనవలెను. అందుచేతనే ఆ యుత్తరము చాలమందికి నచ్చలేదు.

నచ్చనివారిలో మొదటివాడు హనన్యా, ఉత్తరమునకు ముందటి అధ్యాయములో నున్నవాడు. రెండేండ్లలో అందరు తిరిగి వత్తురని అతడు దేవాలయములో బహిరంగముగా ప్రకటించెను. యిర్మీయా డెబ్బది యేండ్లు అనెను. రెండేండ్లు అను మాట ఎంత తియ్యనిది! అది విన్నవాడు మొక్క నాటడు, మంచము చేయించడు, పొరుగువాని పేరడుగడు. రెండేండ్లు గడచిన తరువాత మరి రెండేండ్లు అందురు. ఆరు నెలలలో బదిలీ అనిన మన బంధువు హనన్యా వంటివాడే. రైల్వేలో సొంత కోరికపై మరియొక జోనుకు పోవలెననిన దరఖాస్తు పెట్టుకొని వరుసలో వేచియుండవలెను. పోయిన తరువాత సీనియారిటీలో అందరికంటె క్రింద చేరవలెను. లేదా తనతో చోటు మార్చుకొనువాడు దొరకవలెను. ఇది యెల్లరకు తెలిసిన నియమమే. దీనిలో డబ్బు పుచ్చుకొను మధ్యవర్తికి చోటు లేదు. ముందుగా పుచ్చుకొన్న పదివేల రూపాయలతో ఆ మనిషి మాయమయ్యెను. ఆ డబ్బు నేటికిని తిరిగి రాలేదు. దానికంటె నేను ఎక్కువగా చింతించునది, ఆ ఆరు నెలలు వారు తినని తిండిని గూర్చి.

చెరలోనివారు యిర్మీయా మాట విని యిండ్లు కట్టుకొనిరా? కట్టుకొనిరి. యెహెజ్కేలుకు చెరలో ఇల్లుండెను, ప్రియమైన భార్యయు ఉండెను. బబులోను త్రవ్వకములలో దొరికిన మట్టిపలకలలో యెహోయాకీను రాజునకును అతని కుమారులైదుగురికిని నూనె కొలిచి ఇచ్చిన లెక్క కలదు. ఇవిగాక ఆ దేశములో యూదులు నివసించిన గ్రామములకు చెందిన మట్టిపలకలు దొరికినవి. 2014లో పండితులు వానిలో నూరింటికి పైగా ప్రచురించిరి. అవి క్రీ.పూ. 572 మొదలు 477 వరకు వ్రాయబడినవి. అందు ఒక గ్రామము పేరే యూదా ఊరు. ఎవడు ఎంత పొలము కౌలుకు చేసెను, శిస్తుగా ఎంత యవలు, ఎంత ఖర్జూరము కొలిచెను అను లెక్కలు వానిలో నున్నవి. 137వ కీర్తనలో సితారలు చెట్లకు తగిలించి ఏడ్చినవారు వీరే, వీరి తండ్రులే. ఏడ్చుట తప్పు కాదు. ఏడ్చినవారే తోటకు నీరు పెట్టిరి.

మరి రెండు సంగతులు నన్ను ఆ రాత్రి నిద్రపోనీయలేదు. ఒకటి, పెండ్లి చేసికొనుమని ఇతరులకు వ్రాసిన యిర్మీయాకు పెండ్లి లేదు. నీవు చేసికొనవద్దని దేవుడే ఆజ్ఞాపించెను (16:2). విందు జరుగు ఇంటికి పోవద్దనెను (16:8). తనకు లేని సంతోషమును ఇతరులు అనుభవింపవలెనని అతడు కోరెను. నాకో, ఇల్లు కలదు, భార్య కలదు, పెరటిలో మునగచెట్టు కలదు. ఆ పిల్లకు మాత్రము మేకు కొట్టవద్దని చెప్పితిని. రెండవది, నేను ఉపమానమునకు తెచ్చుకొన్న అబ్రాహామే బెయేర్షెబాలో ఒక పిచుల వృక్షము నాటెను (ఆదికాండము 21:33). గుడారములో నున్నవాడు చెట్టు నాటెను. వేదాంత కళాశాలలో చదివిన నాకు ఈ వచనము ఆనాడు గుర్తు రాలేదు.

కనుక నేనును ఒక ఉత్తరము వ్రాసితిని. ఫోనులో చెప్పిన మాట గాలికి పోవును గనుక, కాగితము మీద వ్రాసి పోస్టులో వేసితిని. మొదట క్షమాపణ అడిగితిని. తరువాత భర్తకు ద్వితీయోపదేశకాండము 24:5 చదువుమంటిని. క్రొత్తగా పెండ్లియైనవానిని యుద్ధమునకు పంపరాదని, ఏ పని భారమును మోపరాదని, ఒక సంవత్సరము ఇంటనుండి భార్యను సంతోషపెట్టవలెనని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది. రైల్వేవారు సంవత్సరము సెలవీయరు. కాని వారమునకొక విశ్రాంతిదినము ఇత్తురు గదా. ఆ దినమున బజారు పనిమీద కాక, ఊరకయే ఊరు చూపుటకు ఆమెను తీసికొనిపొమ్మంటిని. తాడు విప్పుము, మంచము కొనుము, గోడకు మేకు కొట్టుము అని కూడ వ్రాసితిని. నా భార్య అడుగున ఒక పంక్తి చేర్చెను: పొరుగింటావిడ ఏమి వండునో అడిగి నేర్చుకొనవలెను.

ఆ క్రిస్మసునకు అబ్బాయికి సెలవు దొరకలేదు. డిసెంబరు 25న అతడు డ్యూటీకి పోయెను. అమ్మాయి ఒంటరిగా కూర్చుండెను. పది గంటలకు ఎవరో తలుపు తట్టిరి. ప్రక్క క్వార్టరులోని పాయింట్స్‌మను భార్య, యాబది యేండ్ల బెంగాలీ స్త్రీ, పళ్లెములో కేకు పట్టుకొని నిలువబడి, “బొడో దిన్, బౌమా!” అనెను. బెంగాలీలు క్రిస్మసును పెద్ద దినమందురు. ఏ మతమువారైనను ఆనాడు కేకు కొని తినుట వారికి ఆచారము. బౌమా అనగా కోడలా అని పిలుపు. తన పండుగను తనకంటె ముందు గుర్తుంచుకొని వచ్చిన ఆ స్త్రీని చూచి ఈ పిల్ల గుమ్మములోనే ఏడ్చివేసినదట. నాటినుండి ఆమెను మాసీమా అని పిలుచుచున్నది. అది మన పిన్ని వంటి వరుస.

క్రొత్త సంవత్సర ఆరాధనలు ముగించి, 2024 జనవరిలో నేనును నా భార్యయు వారిని చూడబోతిమి. పలాస జీడిపప్పు, ఎండుచేపలు, ఒక జాడీ ఆవకాయ పట్టుకొని పోతిమి. ఇంట అడుగుపెట్టగానే గోడకు రెండు మేకులు కనబడినవి. అబ్బాయి నా వైపు చూచి నవ్వెను. నేను చూడనట్లు ఊరకుంటిని.

మొదటి విశ్రాంతిదినమున అతడు ఆమెను ఎచటికి తీసికొనిపోయెనో తెలియునా? లోకలు బండిలో ఒక్క స్టేషను దూరమున ఖీరాయి అను చోటు కలదు. కంసావతి నది ఒడ్డున, రైలుకట్ట ప్రక్కనే, ఎకరముల కొలది బంతి, చామంతి పూలచేలు. చలికాలములో ఎక్కడెక్కడివారో చూడవత్తురు. ఈ అబ్బాయి రెండు నెలలుగా సుత్తి భుజాన వేసికొని ఆ పూల ప్రక్కనే నడుచుచుండెను. ఒక్కనాడైనను ఇంటికి వచ్చి చెప్పలేదు! అడిగినచో, “పూలేగదా అనుకున్నానయ్యగారూ” అనెను. మగవారమైన మనలో చాలమంది ఈ జవాబు చెప్పువారమే.

ఆమె మాకు బియ్యపు మరమరాలు పెట్టెను. పచ్చి ఆవనూనె చుక్క, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేరుసెనగలు కలిపి, ప్రక్కన వేడిగా ఒక చాప్. పాన్స్‌కురా చాప్ ఆ రైలుదారిలో పేరు పొందినది. వారు మరమరాలను మూడీ అందురు. మన విశాఖ బీచిలో అమ్ము మురీ మిక్చరులోని మాటయు అదియే. మొదటి పిడికిలికి ఆవనూనె ఘాటు నా ముక్కునకెక్కి కండ్లు చెమర్చినవి. రెండవ పిడికిలికి అలవాటయ్యెను. మూడవది నేనే అడిగితిని. పులిహోరలో ఆవపిండి కలుపు మనకు ఆవ శత్రువు కాదు గదా. చేపల సంగతి చెప్పనక్కరలేదు. గోదావరివారు పులస యని ప్రాణము విడుచు చేపనే అచట ఇలిష్ అందురు. పాన్స్‌కురాకు చేరువలోనే రూపనారాయణ నది మీద కోలాఘాట్ దానికి ప్రసిద్ధి.

ఒక ఉదయము మాసీమా మమ్మును మంచులో నడిపించుకొనిపోయి ఈతచెట్లు చూపెను. సాయంకాలము చెట్టు మొవ్వు దగ్గర గీసి మట్టికుండ కట్టుదురు. సూర్యుడు రాకముందే దింపి, ఆ రసమును వెడల్పు పెనములలో కాచి బెల్లము చేయుదురు. నోలెన్ గూడ్ అని దాని పేరు. దాని వాసనకే ఆకలి పుట్టును. ప్రియులారా, ఇది మన ఈతచెట్టే. మన ఊళ్లలో దీని కల్లు ఎన్ని కాపురములు కూల్చెనో నేను కాపరిగా ఎరుగుదును. ఎండ ఎక్కువరకు ఉంచినచో పులియును. తెల్లవారకముందే పొయ్యి మీద పెట్టినచో బెల్లము. నేను ఆ పెనము ప్రక్కన చాలసేపు నిలుచుంటిని.

సంక్రాంతికి వారు క్రొత్తబియ్యపు పిండితోను ఈ బెల్లముతోను పిఠాలు చేసి పంచుదురు, మనము అరిసెలు పంచినట్లే. అవి తినవచ్చునా అని మా సంఘములో ఒకరు తరువాత నన్నడిగిరి. 1 కొరింథీయులకు 10:27 చదువుకొనుడని చెప్పితిని. నేను నాలుగు తింటిని.

అబ్బాయి విశ్రాంతిదినమున మేము నలుగురము హౌరా మీదుగా శ్రీరాంపూరు పోతిమి. నా వేదాంత పట్టా మీద ఆ ఊరి పేరే యున్నది. ఆ ఊరు చూచుట మాత్రము అదే మొదలు. 1818లో స్థాపించిన కళాశాలను చూచితిమి. విశాఖపట్టణములో డెగ్రాంజి దొరగారు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో అచ్చయినది ఆ శ్రీరాంపూరులోనే. మన భాషలోని వాక్యము మొదట వంగదేశపు అచ్చుయంత్రము మీదనే పుట్టెనని అమ్మాయితో చెప్పగా, ఆమె ఆశ్చర్యపడెను. కాని కేరీ దొరగారి సమాధి యొద్ద నాకు తోచినది వేరు. ఆయన భార్య దొరోతి అమ్మగారు ఇంగ్లండు విడుచుటకు మొదట ఒప్పుకొనలేదు. చివరకు చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొన్న మీదటనే 1793లో ఓడ ఎక్కెను. మరుసటి యేడే అయిదేండ్ల కుమారుడు పీటరు చనిపోయెను. తరువాత ఆమె మతి చెదరెను. 1807లో శ్రీరాంపూరులో కన్నుమూసెను. కేరీ గారు గొప్ప దైవజనుడు. ఎన్నో భాషలకు బైబిలు నిచ్చెను. చక్కని తోట వేసెను. 1820లో వ్యవసాయమునకును తోటపనికిని ఒక సంఘమునే స్థాపించెను. ఆయన మీద తీర్పు చెప్పుటకు నేనెవడను? అయినను మిషనెరీ చరిత్రలు చదివిన దినములలో ఆ తల్లి పేరు నేను ఒక పంక్తిలో దాటిపోయితిని. భర్త పిలుపు వెంట పరదేశము పోయిన స్త్రీకి ఆ దేశములో తనదియని చెప్పుకొనుటకు ఒక్క చిన్న సంతోషమైనను దొరికెనా అని ఎవరును అడుగలేదేమో. మా అమ్మాయి నా ప్రక్కనే నిలువబడి కాగితపు పొట్లములోని వేరుసెనగలు తినుచుండెను. నాకు భయమును కృతజ్ఞతయు ఒక్కసారే కలిగెను.

ప్రసంగి గ్రంథమును నేను సమాధి కూటములలోనే యెక్కువగా వాడితిని, వ్యర్థమను మాట కొరకు. ఆ గ్రంథకర్తయే 9వ అధ్యాయములో సంతోషముగా అన్నము తినుమని, తెల్లని బట్టలు కట్టుకొనుమని, తలకు నూనె తక్కువ చేయవద్దని, ప్రేమించిన భార్యతో సుఖించుమని చెప్పెను. అన్నము, బట్ట, తలనూనె, ఆలుమగల మాటలు. ఇవి పండుగనాటివి కావు, ప్రతిదినమువి. వీనిని దేవుని చేతినుండి పుచ్చుకొననివాడు వైరాగ్యము గలవాడని మనము పొగడుదుము. వానితో కాపురము చేయు స్త్రీని అడిగి పొగడుట మంచిది.

ఇంకొక ప్రశ్న కొందరు వేయుదురు. అచట అంత బాగుగా అలవాటు పడినచో సొంత ఊరు మరతురు గదా? దానికి యిర్మీయాయే జవాబు. బబులోనులో తోట వేయుమని వ్రాసిన ఆ మనిషియే, యెరూషలేము ముట్టడిలో నుండగా, తాను బందీగా నుండి, అనాతోతులోని పొలమును పదునేడు తులముల వెండి తూచి ఇచ్చి కొనెను (32వ అధ్యాయము). మన అబ్బాయియు నియమము ప్రకారము బదిలీకి దరఖాస్తు పెట్టుకొనియున్నాడు. అది వచ్చునప్పుడు వచ్చును. ఈలోగా వారి పెరటిలో బంతి పూచినది, బొప్పాయి నాటిరి. ఏప్రిలు ఎండలలో ఒక ఉదయము మాసీమా యింట రాత్రి నీరు పోసిన అన్నములో ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకొని తినుచుండగా ఈ పిల్ల చూచి, “ఇది మా చద్దన్నమే!” అని తెలుగులోనే కేక వేసినదట. పాంతా భాత్ అని వారు చెప్పిరి. మరునాటినుండి ఇద్దరు కలిసియే తినిరి.

2024 సెప్టెంబరులో కంసావతి గట్టు తెగి పాన్స్‌కురా చుట్టుపట్ల ఊళ్లు మునిగినవి. పూలచేలు నీటి పాలయ్యెను. స్టేషను వైపు కొంత మెట్ట గనుక వీరి క్వార్టరులోనికి నీరు రాలేదు. మాసీమా పుట్టింటివారు, పిల్లలతో ఏడుగురు, కట్టుబట్టలతో వచ్చి చేరిరి. నలుగురు మాసీమా ఇంట, ముగ్గురు వీరింట. ముసలామె మన వారి మంచము మీద పండుకొనెను. మంచమనునది ఉండుట వలన ఇయ్యగలిగిరి. అబ్బాయి నాలుగు రాత్రులు పట్టాల మీదనే నిలిచెను. ఊరినుండి తల్లి ఫోను చేసి, ఇకనైన వచ్చివేయమ్మా అని ఏడ్వగా, “మా వాళ్లిక్కడ ముగ్గురున్నారే అమ్మా, అన్నం ఎవరొండుతారు?” అని ఈ పిల్ల అనెను. మా వాళ్లు అన్న మాటను తల్లి నాకు రెండుమార్లు చెప్పెను; అది ఫిర్యాదో సంతోషమో నాకు తెలియలేదు.

ఆ ఆదివారము ఆరాధనలో, యిర్మీయా 29:7 చదివి, ఆ ఊరి కొరకు ప్రార్థింపుడని చెప్పితిని. మా సంఘపు పెద్ద, డెబ్బది రెండేండ్ల వృద్ధుడు, మోకరించి, గట్టు తెగిన నదిని ఆపుమని, పూలచేలవారిని జ్ఞాపకము చేసికొనుమని, ఆ బెంగాలీ తల్లిని దీవించుమని చక్కగా ప్రార్థించెను. ఊరి పేరు మాత్రము ఆయన నోట తిరుగలేదు, పంచకూర అనెను. పిల్లలు కిసుక్కుమనిరి. నాటినుండి ప్రతి ఆదివారము ఆయన పంచకూర కొరకు ప్రార్థించుచునే యున్నాడు, మేమును ఆమేన్ అనుచున్నాము. ఈ సంగతి ఫోనులో చెప్పగా అమ్మాయి పకపక నవ్వి, బెంగాలీలో మాసీమాకు చెప్పెను. ఆమెయు నవ్వుట నాకు వినబడెను. ఐదు కూరలనగా ఏమేమి అని ఆమె అడుగుచున్నదట.